పచ్చగా ఉంటే పుల్లరి, ఎండితే చెక్కు: హార్నీ కౌంటీ రాంచ్‌ల సర్కారు లెక్క

అమెరికా పడమటి రాష్ట్రం ఒరెగాన్‌లో ఆగ్నేయ దిక్కున హార్నీ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. వైశాల్యం దాదాపు 26 వేల చదరపు కిలోమీటర్లు. ముక్కలు కాకముందు మన అనంతపురం జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో అక్కడి జనాభా 40 లక్షలు. హార్నీలో 2020 జనగణనకు తేలినవాళ్లు ఏడున్నర వేల మంది. జిల్లా కేంద్రం బర్న్స్ మన దగ్గరైతే ఓ మోస్తరు పల్లెటూరు కిందే లెక్క. మిగతాదంతా సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొదలు, మధ్యమధ్య గడ్డి దుబ్బులు, దూరంగా మంచు పట్టిన స్టీన్స్ కొండ. ఆ గడ్డి మీద బతికేవి మాంసం కోసం పెంచే ఆవులు, వాటి మీద బతికేవి రాంచ్‌లు, అంటే పశువులను పెంచే పెద్ద కమతాలు.

ఈ జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది 2016 జనవరిలో. అమ్మన్ బండీ అనే వ్యక్తి నాయకత్వంలో తుపాకులు పట్టిన గుంపొకటి ఇక్కడి మల్హూర్ వన్యప్రాణి కేంద్రాన్ని ఆక్రమించి 41 రోజులు కూర్చుంది. ఈ భూములు కేంద్ర ప్రభుత్వానివి కావు, రాంచర్లవీ స్థానికులవీ అన్నది వాళ్ల వాదన. అలా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది బయటి నుంచి వచ్చినవాళ్లు. స్థానిక రాంచర్లలో చాలామంది ‘మీ బాధ మాకు అర్థమైంది, ఇక ఇళ్లకు వెళ్లండి’ అనే అన్నారు. అయినా అప్పటి నుంచి అమెరికాలో ఒక ఎగతాళి స్థిరపడిపోయింది: సర్కారు మా జోలికి రావద్దంటారు, సర్కారు చెక్కులు మాత్రం తీసుకుంటారు అని. రాంచర్లేమో ‘మాకు సబ్సిడీలే లేవు, అవన్నీ మొక్కజొన్న రైతులకు’ అంటారు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ధర పడిపోతే ప్రభుత్వం తేడా కట్టే పథకాలు అమెరికాలో మొక్కజొన్నకు, గోధుమకు, పత్తికి, వరికి, వేరుశనగకు ఉన్నాయి. మాంసపు ఆవులకు లేవు. ఆ అర్థంలో రాంచర్ చెప్పేది సరైనదే. కానీ డబ్బు వేరే పద్దుల కింద వస్తుంది. కొన్ని పద్దుల్లో చెక్కు వస్తుంది, కొన్నింట్లో కట్టాల్సింది తగ్గుతుంది, కొన్నింట్లో ఇన్సూరెన్స్ కంపెనీ మధ్యలో ఉంటుంది. ఇవన్నీ కలిపి చూస్తే నాకు కనిపించేది ఒకటే: ఈ డబ్బు మనిషి కష్టాన్ని వెతుక్కుంటూ వెళ్లదు. భూమిని, ఆవుల సంఖ్యను, ఒక పటం మీది రంగును వెతుక్కుంటూ వెళ్తుంది.

ముందు పుల్లరి, అంటే సర్కారు భూమిలో పశువులను మేపుకోవడానికి కట్టే రుసుము సంగతి చూద్దాం. హార్నీ భూమిలో దాదాపు నాలుగింట మూడొంతులు కేంద్ర ప్రభుత్వానిది. అందులో పెద్ద వాటా బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటుంది. అక్కడ అందరూ బీఎల్ఎం అంటారు. రాంచర్ సొంత భూమి సాధారణంగా వాగు పక్కన, నీళ్లున్న చోట ఉంటుంది. చలికాలానికి కావలసిన ఎండుగడ్డి కోసేది ఆ సొంత భూమిలోనే. వసంతం వచ్చాక మందను సర్కారు భూమి మీదికి తోలి, వేసవిలో కొండ మీదికి ఎక్కించి, మంచు పడకముందే దించుకుంటాడు. ఏ తేదీన తోలాలి, ఏ తేదీకి దించాలి, ఎన్ని ఆవులు అన్నది పర్మిట్‌లో రాసి ఉంటుంది.

పర్మిట్ అందరికీ రాదు. 1934లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన టేలర్ గ్రేజింగ్ చట్టం నుంచి పద్ధతి ఇదే: పక్కనే సొంత భూమో, నీటి వసతో ఉన్నవాడికే సర్కారు మేత దొరుకుతుంది. దాంతో పర్మిట్ ఆ భూమికి అతుక్కుపోయింది. రాంచ్ అమ్మకానికి పెడితే ప్రకటనలో సొంత ఎకరాలతో పాటు పర్మిట్ ఎన్ని ఆవులదో కూడా రాస్తారు. దాన్ని చూసే కొనేవాడు ధర కడతాడు, బ్యాంకు అప్పిస్తుంది.

పుల్లరి లెక్క ఇలా. ఒక ఆవు దాని దూడతో సహా ఒక నెల మేస్తే ఒక యూనిట్, ఏయూఎం అంటారు. గుర్రమైతే ఒకటి, గొర్రెలైతే అయిదు. 2019 నుంచి 2025 దాకా ఒక్కో యూనిట్‌కు కట్టాల్సింది 1.35 డాలర్లు. మన డబ్బుల్లో నూట పది, నూట ఇరవై రూపాయలు. 300 ఆవుల మందను నాలుగు నెలలు మేపితే 1,200 యూనిట్లు, బిల్లు 1,620 డాలర్లు. పడమటి రాష్ట్రాల్లో అదే మేతను ప్రైవేటు భూమిలో కౌలుకు తీసుకుంటే ఇటీవలి ఏళ్లలో యూనిట్‌కు 20 డాలర్లు దాటుతోంది. అంటే 24 వేల డాలర్లకు పైమాట.

ఇంత తక్కువ ఎందుకు? 1978లో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఒక సూత్రం రాసింది. 1960ల నాటి అధ్యయనం నుంచి తీసుకున్న 1.23 డాలర్ల మూల ధరను మూడు సూచీలతో సవరిస్తారు: ప్రైవేటు మేత కౌలు, ఆవుల ధర, రాంచర్ ఖర్చులు. మొదటి రెండూ పెరిగితే పుల్లరి పెరుగుతుంది, ఖర్చులు పెరిగితే తగ్గుతుంది. డీజిలు, జీతాలు, యంత్రాలు ఏటేటా పెరిగేవే కాబట్టి ఫలితం కిందికే జారుతూ ఉంటుంది. 1986లో అధ్యక్షుడు రీగన్ ఉత్తర్వుతో 1.35 కన్నా దిగకూడదని అడుగు కట్టారు. ఏడాదికి 25 శాతం మించి మారకూడదన్న నిబంధనా ఉంది. 2015, 2016లో ఆవుల ధరలు ఆకాశానికి అంటినప్పుడు పుల్లరి 1.69కి, ఆపై 2.11కి వెళ్లింది. కాలిక్యులేటర్ తీసి చూడండి, రెండుసార్లూ సరిగ్గా 25 శాతమే. తర్వాత మూడేళ్లలో మళ్లీ అడుక్కి వచ్చేసింది.

1993లో క్లింటన్ ప్రభుత్వంలో కేంద్ర భూములను చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి బ్రూస్ బాబిట్ దీన్ని రెట్టింపుకు పైగా పెంచుదామని చూశారు. పడమటి రాష్ట్రాల సెనేటర్లు అడ్డం తిరిగారు, ప్రతిపాదన అటకెక్కింది. కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏఓ 2005లో ఒక నివేదిక ఇచ్చింది. 2004 ఆర్థిక సంవత్సరంలో మేత కార్యక్రమాల మీద కేంద్ర సంస్థలు పెట్టిన ఖర్చు కనీసం 14.4 కోట్ల డాలర్లు, పుల్లరిగా వచ్చింది 2.1 కోట్లు. ఆ వచ్చిన దాంట్లోనూ మంచి భాగం కంచెలకు, నీటి తొట్లకు అంటూ మళ్లీ ఆ భూములకే పోతుంది.

రాంచర్ల వైపు నుంచీ వినాల్సింది ఉంది. ప్రైవేటు కౌలులో కంచె, నీళ్లు, కాపలా చాలావరకు భూయజమాని చూసుకుంటాడు. సర్కారు భూమిలో అవి తనే చూసుకోవాలి. ఒక్క ఆవుకు నెల మేత దొరకాలంటే పదెకరాలో, ఇంకా ఎక్కువో కావాలి. ఆవులను వెతుక్కుంటూ గుర్రాల మీద రోజుల తరబడి తిరగాలి. ఇంకో మాట, నా దృష్టిలో ఇదే గట్టిది: పర్మిట్ విలువ రాంచ్ ధరలో ఎప్పుడో కలిసిపోయింది. పదేళ్ల కిందట రాంచ్ కొన్నవాడు చవక పుల్లరి లాభాన్ని ముందే అమ్మినవాడి చేతిలో పోశాడు. ఇప్పుడు పుల్లరి పెంచితే దెబ్బ తగిలేది కొన్నవాడికి. లాభం ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయినవాడి జేబులో ఉంది. చాలా సబ్సిడీలకు ఉన్న రోగమే ఇది. మొదటి తరానికి వరం, రెండో తరానికి అప్పు.

పుల్లరి అనగానే మనకు పల్నాడు గుర్తొస్తుంది. అడవిలో పశువులను మేపుకోవడానికి బ్రిటిష్ సర్కారు వేసిన పన్ను కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు. అమ్మన్ బండీ తండ్రి క్లైవెన్ బండీ నెవాడాలో 1993 నుంచి పుల్లరి కట్టడం మానేశాడు, బకాయి పది లక్షల డాలర్లు దాటింది. పైపైన చూస్తే ఒకే కథ అనిపించవచ్చు. పల్నాడులో వలస ప్రభుత్వం ఊళ్ల ఉమ్మడి మేతను అడవి శాఖ కిందికి లాక్కుని పన్ను వేసింది. నెవాడాలో బజారు ధరలో పదోవంతు కూడా లేని అద్దెకు ఇచ్చిన భూమికి ఆ అద్దె కూడా కట్టలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం హనుమంతుకు అన్యాయం.

ఇప్పుడు చెక్కుల దగ్గరికి వద్దాం. రాంచ్‌లకు నేరుగా వచ్చే డబ్బులో ముఖ్యమైనది కరువు మేత పథకం, ఎల్ఎఫ్‌పీ అంటారు. 2008 వ్యవసాయ చట్టంలో పుట్టింది, 2011లో గడువు తీరి ఆగిపోయింది. ఆ మరుసటి ఏడే, 2012లో, అమెరికా మధ్య భాగమంతా దశాబ్దాల్లో ఎరగని కరువు. పథకం లేదు కాబట్టి ఆ ఏడు ఎవరికీ ఏమీ రాలేదు. 2014 చట్టం దాన్ని శాశ్వతం చేస్తూ వెనకటి తేదీ నుంచి వర్తింపజేసింది. 2012లో ఎండిన గడ్డికి 2014లో చెక్కులు వచ్చాయి. ఈలోపు ఆవులను అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు.

ఈ పథకంలో రాంచర్ తన పొలంలో గడ్డి ఎంత ఎండిందో నిరూపించాల్సిన పని లేదు. నిర్ణయించేది ఒక పటం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ సంస్థ నోవా కలిసి 1999 నుంచి వారం వారం కరువు పటం వేస్తున్నాయి. మంగళవారం పొద్దుటి దాకా ఉన్న సమాచారంతో గీసి గురువారం విడుదల చేస్తారు. డి0 అంటే కాస్త పొడిగా ఉంది, డి1 నుంచి అసలు కరువు మొదలు, డి4 అంటే అసాధారణ కరువు. పసుపుతో మొదలై నారింజ, ఎరుపు మీదుగా ముదురు ఎరుపు దాకా రంగులు. 2025 దాకా మేత కాలంలో జిల్లా మీద డి2 రంగు వరుసగా ఎనిమిది వారాలు ఉంటే ఒక నెల సొమ్ము వచ్చేది, ఆ గడువు ఇప్పుడు తగ్గింది. డి3 ఒక్క వారం తగిలినా మూడు నెలలది. డి3 నాలుగు వారాలున్నా, డి4 ఒక్కసారి తగిలినా నాలుగు నెలలది. డి4 నాలుగు వారాలుంటే అయిదు నెలలది. పడమటి రాంచ్ ఇళ్లల్లో గురువారం పటం కోసం ఎదురుచూడటంలో ఆశ్చర్యం ఏముంది?

మెలిక ఎక్కడుందంటే, నిబంధనలో ఉన్నది ‘జిల్లాలో ఏ భాగంలోనైనా’ అన్న మాట. ఒక మూల డి3 తగిలితే చాలు, జిల్లా మొత్తానికీ అర్హత వస్తుంది. చిన్న చిన్న జిల్లాలున్న అయోవాలో ఇది పెద్ద విషయం కాదు. 26 వేల చదరపు కిలోమీటర్ల హార్నీలో ఉత్తరాన పైన్ అడవుల పక్కన వాన పడి, దక్షిణాన నెవాడా సరిహద్దులో మాడిపోయిన ఏడు, ఇద్దరికీ ఒకే లెక్క. మన దగ్గర కరువు మండలాలు ప్రకటించేటప్పుడు పక్క మండలం వచ్చింది, మాది రాలేదు అని గొడవ అవుతుంది కదా, ఇక్కడ ఆ గొడవ అడుగంటా పోయింది. దాని బదులు అవసరం లేనివాడికీ డబ్బు పోయే దారి తెరుచుకుంది.

సొమ్ము లెక్క మరీ విచిత్రం. చట్టం ప్రకారం పెద్ద మాంసపు ఆవు రోజుకు 15.7 పౌండ్ల, అంటే ఏడు కిలోల పైచిలుకు మొక్కజొన్న తింటుందని అనుకోవాలి. హార్నీ బీడులో ఏ ఆవూ మొక్కజొన్న మొహం చూడదు, ఇది లెక్క కోసం పెట్టుకున్న కొలత. 30 రోజులకు ఎంత అవుతుందో చూసి దేశవ్యాప్త సగటు మొక్కజొన్న ధరతో గుణిస్తారు. గడిచిన 12 నెలల సగటు, 24 నెలల సగటు రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఉదాహరణకు 56 పౌండ్ల బుషెల్ ధర 5 డాలర్లు అనుకుందాం. ఆవుకు నెల మేత ఖర్చు 42 డాలర్లు తేలుతుంది. అందులో 60 శాతం, సుమారు 25 డాలర్లు, ప్రభుత్వం ఇస్తుంది. 300 ఆవులకు నెలకు ఏడున్నర వేలు, నాలుగు నెలలకు 30 వేల డాలర్లు. మన లెక్కలో పాతిక లక్షల పైమాటే. ఆవుల లెక్క ఒకటి, ఆ భూమి మామూలు ఏడాదిలో ఎన్ని ఆవులను మోయగలదన్న లెక్క ఇంకొకటి వేసి, రెండింటిలో తక్కువదాన్నే తీసుకుంటారు. ఆరిన నేల మీద కాగితం మీదే వెయ్యి ఆవులను చూపించడం కుదరకుండా పెట్టిన జాగ్రత్త ఇది.

దరఖాస్తు చిన్న ఊళ్లలో కూడా ఉండే వ్యవసాయ శాఖ ఎఫ్ఎస్ఏ కార్యాలయంలో. సీసీసీ-853 అనే ఫారంలో ఎన్ని ఆవులు, ఎన్ని కోడెలు, ఏ రకం మేత, ఏ భూమి అన్నది రాయాలి. కౌలు కాగితమో, బీఎల్ఎం పర్మిటో జత చేయాలి. కరువుకు 60 రోజుల ముందు నుంచీ ఆవులు తనవై ఉండాలి. ఆదాయ ధ్రువీకరణ వేరే ఫారం. ఆ ఆఫీసు మీద రైతులే ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఉంటుంది. అంటే స్థానిక నిర్ణయాల్లో కూర్చునేవాళ్లూ పక్క రాంచ్‌లవాళ్లే. మన సహకార సంఘాల వ్యవహారం తెలిసినవాళ్లకు ఇందులో మంచీ చెడూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కరువుకు తట్టుకోలేక అంతకుముందు రెండేళ్లలో ఆవులను అమ్మేసినవాడికీ 80 శాతం లెక్కన సొమ్ము వస్తుంది. దీన్ని విమర్శకులు సరిగా పట్టించుకోరు. ఆవులు ఉంచుకుంటేనే డబ్బు అన్న పథకమైతే ఎండిన నేల మీదే మందను నిలబెట్టి ఉన్న దుబ్బులను కూడా నాకించేసేవాళ్లు. ఆ ప్రమాదం పూర్తిగా పోలేదు. నూటికి నూరూ, ఎనభైకీ మధ్య తేడా ఉంది కదా. పైగా అమ్మేయడం చెప్పినంత తేలిక కాదు. ఏ వాగులో నీళ్లుంటాయో, ఏ కొండ వాలున గడ్డి దొరుకుతుందో తల్లి వెంట తిరిగి నేర్చుకున్న ఆవులు అవి. సంతలో కొత్తవి కొనుక్కొచ్చి ఆ బీడు మీదికి తోలితే సగం దారి తప్పుతాయి.

ఇక చిన్న పద్దులు గబగబా చెప్పేస్తాను. కరువులో నీళ్లను ట్యాంకర్లలో తోలుకున్నా, మేతను దూరం నుంచి తెచ్చుకున్నా అదనపు ఖర్చులో కొంత ఈల్యాప్ అనే పథకం కింద వస్తుంది. మంచు తుఫానుకో, తోడేళ్ల పాలబడో పశువు చస్తే బజారు ధరలో 75 శాతం మరో పథకం కింద. తూర్పు ఒరెగాన్‌లోకి తోడేళ్లు తిరిగొచ్చాక ఇది మాటల్లో ఎక్కువగా వినిపిస్తోంది. తోడేళ్లలాంటివి వేటాడి చంపిన వాటికి మాత్రం 2025 చట్టంతో 75 శాతం బదులు పూర్తి ధర ఇస్తున్నారు. కంచెలు, పైపులు, తొట్లు వేసుకుంటే ఈక్విప్ కింద ఖర్చులో వాటా ఇస్తారు. కరువుకు మందను అమ్మేస్తే ఆదాయపు పన్ను వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది, అది ఏ సబ్సిడీ పట్టికలోనూ కనపడదు. ఇంకా భూమి సర్కారుది కాబట్టి పన్ను రాదని కేంద్రం ఏటా కౌంటీ ఖజానాకు పరిహారం ఇస్తుంది. అది రాంచర్ చేతికి రాదు గానీ కౌంటీ ఖర్చులకు పనికొస్తుంది.

2021 కరువు తర్వాత జరిగింది మాత్రం చెప్పుకోవాలి. ఆ సెప్టెంబరులో కాంగ్రెస్ 1,000 కోట్ల డాలర్ల విపత్తు సాయం ఆమోదించి అందులో 75 కోట్లు పశువుల రాంచ్‌లకు కేటాయించింది. 2022 వసంతంలో ఆ సొమ్ము కొత్త దరఖాస్తే అడగకుండా వచ్చింది. ఎల్ఎఫ్‌పీ కోసం రాంచర్ ఇచ్చిన వివరాలే తీసుకుని దాని మీద రెండో చెక్కు రాసేశారు. సాయం వేగంగా అందడం మంచిదే. కానీ మొదటి లెక్కలో ఏ వంకర ఉన్నా రెండో చెక్కు దాన్నే మళ్లీ మోసుకొచ్చింది.

ఎక్కువమందికి తెలియని పద్దు వాన ఇన్సూరెన్స్. దాని పేరు పచ్చిక, మేత బీడు, పశుగ్రాసం పాలసీ, పొట్టిగా పీఆర్ఎఫ్. 2007లో ప్రయోగంగా మొదలై 2016కల్లా అలాస్కా, హవాయి తప్ప అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. ఇందులోనూ గడ్డిని ఎవరూ చూడరు. దేశాన్ని పావు డిగ్రీ గళ్లుగా విభజించారు. ఒరెగాన్‌లో ఒక గడి ఉత్తర దక్షిణాలుగా 28 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 20 ఉంటుంది. రాంచర్ రెండేసి నెలల కాలాలు ఎంచుకుంటాడు. ఆ గడిలో ఆ రెండు నెలల్లో వాన మామూలు కన్నా తాను ఎంచుకున్న మట్టానికి, 70 నుంచి 90 శాతం దాకా ఏదైనా సరే, దిగువకు పడితే పరిహారం వస్తుంది. ప్రీమియంలో సగానికి పైగా, 51 నుంచి 59 శాతం, ప్రభుత్వమే కడుతుంది.

మహబూబ్‌నగర్, అనంతపురం రైతులకు ఇది కొత్త కాదు. భారతదేశంలో మొట్టమొదటి వాన ఆధారిత ఇన్సూరెన్స్ 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలోనే వేరుశనగ, ఆముదం రైతులకు అమ్మాయి. తర్వాత అనంతపురం వేరుశనగకు వాతావరణ బీమా వచ్చింది. అక్కడ వినిపించిన ఫిర్యాదు ఏమిటి? రెయిన్ గేజ్ ఉన్న చోట వాన పడింది, నా చేలో పడలేదు, పరిహారం రాలేదు. లేదా వాన మొత్తం సరిపోయింది గానీ ఊడ దిగే రోజుల్లో పడలేదు. ఒరెగాన్‌లో పావు డిగ్రీ గడికీ సరిగ్గా ఇదే బెడద. అయితే అక్కడ రివర్స్‌లో కూడా జరుగుతుంది: గడ్డి బాగానే ఉన్నా గడిలో వాన లెక్క తగ్గితే డబ్బు వస్తుంది. మేత ఎదగని నెలల మీద, వాన ఎక్కువగా అటూ ఇటూ ఊగే కాలాల మీద పాలసీ తీసుకోవడం లాభమని సలహాదారులు లెక్కలేసి చెబుతారు. అప్పుడది ఇన్సూరెన్స్ కన్నా, సగం ఖర్చు సర్కారు పెట్టుకునే పందానికి దగ్గరవుతుంది. పథకాన్ని తప్పుపట్టాల్సింది ఇక్కడ. రాంచర్ నిబంధన ప్రకారమే ఆడుతున్నాడు.

ఎవరికి ఎంత వచ్చిందో తెలుసుకోవచ్చా? కొంతవరకు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ సమాచార హక్కు చట్టం కింద వివరాలు తీసుకుని 1995 నుంచి చెక్కులు అందుకున్నవాళ్ల పేర్లు, మొత్తాలు జిల్లాల వారీగా పెడుతోంది. పత్రికల్లో వచ్చే ‘ఫలానా కౌంటీలో టాప్ టెన్ రాంచ్‌లు’ కథనాలకు మూలం ఎక్కువగా ఇదే. కానీ అది చదివేటప్పుడు జాగ్రత్త. పుల్లరి మిగులు అందులో ఉండదు. ఇన్సూరెన్స్ ప్రీమియం సబ్సిడీ ఎవరికి పోయిందన్న పేర్లు చట్టప్రకారం బయటికి రావు. అందులో కనిపించేది చెక్కుల పద్దు ఒక్కటే. అందరూ కొట్టుకునేదీ దాని మీదే.

మొత్తాల దగ్గరా ఓ తిరకాసు ఉంది. ఎల్ఎఫ్‌పీకి ఒక మనిషికి ఏడాదికి 1.25 లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి. ఇందాకటి లెక్కతో 1,500 ఆవులకు నాలుగు నెలలకు లక్షన్నర అవుతుంది, పరిమితి తగులుతుంది. కానీ రాంచ్ సాధారణ భాగస్వామ్యంగా నమోదై ఉంటే ఒక్కో భాగస్వామికీ ఒక్కో పరిమితి. భర్త, భార్య, ఇద్దరు కొడుకులు నిజంగా వాటాదారులైతే నాలుగు పరిమితులు. పట్టికలో రాంచ్ పేరు మీద పెద్ద అంకె చూసి ఒక్కడే మింగాడనుకోవడం తప్పు, వేరువేరు పేర్లతో చిన్న అంకెలు చూసి చిన్న రైతులనుకోవడమూ తప్పే. సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే అనర్హత అన్న నిబంధన ఉంది గానీ, ఆ గడప దగ్గరికి వెళ్లేవాళ్లే తక్కువ. వాన ఇన్సూరెన్స్‌కైతే ఈ రెండు పరిమితులూ లేవు.

తెలంగాణలో 2018 మేలో రైతు బంధు మొదలైనప్పుడు జరిగిన చర్చ గుర్తుకు తెచ్చుకోండి. పట్టాదారు పాస్ పుస్తకం ఉన్నవాడికి ఎకరాకు ఇంత, ఎకరాల పరిమితి లేదు, కౌలు రైతుకు లేదు. కొండలకు, గుట్టలకు, ప్లాట్లు వేసిన భూములకూ డబ్బు పోయిందన్న విమర్శ వచ్చింది. హార్నీ లెక్కలో కౌలు రైతు బయట లేడు. ఎల్ఎఫ్‌పీ సొమ్ము భూమి ఉన్నవాడికి కాక ఆవులు ఉన్నవాడికి వెళ్తుంది. రొక్కం కౌలుకు భూమి తీసుకున్న రాంచర్ చెక్కు తీసుకుంటాడు, భూయజమాని తీసుకోడు. ఆవు ఎంత బరువు పెరిగితే అంత కౌలు అనే ఒప్పందం మీద మేపుకునేవాడు మాత్రం ఇందులోకి రాడు. ఆవులను లెక్కబెట్టి ఇవ్వడంలో ఇంకో న్యాయం ఉంది: ఊరికే పెట్టుకున్న భూమికి డబ్బు రాదు. కానీ అన్యాయం కూడా అక్కడే పుట్టింది. 50 ఆవులున్న కుటుంబానికి నాలుగు నెలలకు 5 వేల డాలర్లు, ఆ ఏడు ఎండుగడ్డి కొనడానికే చాలవు. వెయ్యి ఆవులవాడికి లక్ష. ఇద్దరికీ ఒక్కో ఆవుకు ఒకటే రేటు కాబట్టి సమానమేనని కాగితం చెబుతుంది. అదే ఏడు పెద్దవాడు ఆ లక్షతో నిలదొక్కుకోగలడు, చిన్నవాడు నిలవడం కష్టం.

నన్నడిగితే ఈ పద్దులన్నిటిలో కరువు చెక్కే ఎక్కువ సమర్థించదగ్గది, నలుగురూ దాన్నే తిడుతున్నా సరే. కరువు నిజం, పటం బహిరంగం, నిబంధన అందరికీ తెలిసిందే, పరిమితి ఉంది. సరిచేయాల్సింది జిల్లా మొత్తాన్ని ఒకే ముక్కగా చూసే పద్ధతి. పటాన్ని జిల్లా గీతలతో పని లేకుండా చిన్న ముక్కలుగా చూసే సత్తా ఇప్పుడు ఉంది, ఇన్సూరెన్స్ గళ్లే అందుకు సాక్ష్యం. అద్దె పెరుగుదలను అద్దెకు తీసుకున్నవాడి ఖర్చు పెరుగుదలతో కొట్టేసే పుల్లరి సూత్రాన్ని సమర్థించడం కష్టం. ఏ ఊళ్లోనూ ఏ కౌలుదారూ అలాంటి ఒప్పందం ఎరగడు. పేర్లు చెప్పని, పరిమితి లేని వాన పందెం గురించి చెప్పక్కర్లేదు.

జరుగుతున్న మార్పు వేరే దిక్కున ఉంది. 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టం ఎల్ఎఫ్‌పీని మరింత సులువు చేసింది. డి2 రంగు ఎనిమిది వారాలు ఉండక్కర్లేదు, వరుసగా నాలుగు వారాలుంటే ఒక నెల సొమ్ము. ఎనిమిది వారాల్లో ఏడు వారాలుంటే రెండు నెలలది. ఆదాయ పరిమితి కూడా, రాబడిలో 75 శాతం వ్యవసాయం నుంచే వచ్చేవాళ్లకు కొన్ని పథకాల్లో ఎత్తేశారు. ఇదంతా జరిగింది అమెరికాలో పశువుల సంఖ్య 8.67 కోట్లకు, అంటే 1951 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగి, ఆవుల ధర రికార్డులు బద్దలు కొడుతున్న ఏడాదిలో. ఎఫ్ఎస్ఏ ఆఫీసులో ఇచ్చే ఫారం ఆవుల సంఖ్య అడుగుతుంది, మేత రకం అడుగుతుంది. ఆ ఏడు దూడలు ఎంతకు అమ్ముడుపోయాయో అడగదు.